ఎంక్వయిరీ అక్క ఇంట్లో నెట్ వేగం పెరిగింది

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను ఎంక్వయిరీ అక్క అనే పిలుస్తారు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో నంబర్లు చెప్పే సీటులో ఆమె వయసులో మంచి భాగమంతా గడిచిపోయింది. మూలలు అరిగిపోయిన లావుపాటి డైరెక్టరీలు ఒడిలో పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, అడిగినవాళ్ళకు అడిగినట్టు నంబరు అప్పజెప్పేది. అడిగేవాళ్ళు సరిగ్గా అడిగితే గొప్పేముంది? "గడియారాల షాపు మేడమీద ఒక పళ్ళ డాక్టరు ఉండాలమ్మా, నత్తిగా మాట్లాడతాడు" అని అడిగేవాళ్ళు. ఆమె పేజీ తిప్పకుండానే చెప్పేది. హెడ్‌ఫోను పట్టీ నొక్కి నొక్కి, నడినెత్తిన జుట్టు అణిగిపోయి ఒక గాడి పడింది. ఎన్ని నూనెలు రాసినా అది పోలేదు.

జేబుల్లోకి ఫోన్లు వచ్చాక ఆ సీటుతో పని లేకుండా పోయింది. ఎక్స్చేంజి వాళ్ళు ఒక దండ వేసి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపించారు. ఆమె గడియారాన్ని గోడకు తగిలించి, మర్నాటి నుంచే ఇంకో పని వెతుక్కుంది. డాక్టర్లు యంత్రంలోకి మాట్లాడి పంపే ఉత్తరాలను విని టైపు చేసే పని. ఎముకల డాక్టర్లవి. ఇంట్లోనే పని, మళ్ళీ చెవులకు హెడ్‌ఫోనే. డాక్టర్లు నోట్లో ఏదో నములుతున్నట్టు మాట్లాడతారు. అర్థంకాని మందు పేరో, ఆసుపత్రి పేరో వస్తే నెట్‌లో వెతికి, స్పెల్లింగు సరిచూసుకుని కొట్టాలి. ఆమె వేళ్ళు ఎంత చురుకో, ఆ ఇంటి నెట్ అంత మొద్దు.

ఆమె భర్త సిటీ బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి ఏడాది కిందట రిటైరయ్యాడు. వాళ్ళకు పిల్లల్లేరు. అనుమానం ఆయనకు ఉద్యోగం నేర్పిన విద్య. బస్సెక్కగానే మొహాలు కాదు, కాళ్ళు చూసేవాడు. టికెట్ లేనివాడి కాళ్ళు తలుపు వైపు తిరిగి ఉంటాయట. ఆ చూపు యూనిఫారంతోపాటు డిపోలో అప్పజెప్పి రాలేదు. ఆమె కూరగాయలు కొనుక్కుని కాస్త ఆలస్యంగా వచ్చినా, "ఏ దారిన వచ్చావు?" అని అడిగేవాడు. "దిగాల్సిన స్టాపులోనే దిగానండీ" అని ఆమె సంచీ ఆయన చేతిలో పెట్టి లోపలికి పోయేది. అలా నవ్వుతూ తీసేయడం ఆమెకు అలవాటైపోయింది.

రిటైరయ్యాక ఆయన రోజంతా ఇంట్లోనే. పొద్దున్నే టాబ్లెట్ ముందు కూర్చుని వార్తలు తెరిచేవాడు. తెల్ల పేజీ మీద చిన్న చక్రం గిర్రున తిరిగేది. పక్క గదిలో ఆమె తెర మీదా అదే చక్రం. ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కునేవాళ్ళు.

"నువ్వేదో తెరిచావు, అందుకే నాది ఆగిపోయింది."

"మీ వార్తలకి వచ్చిన తొందరేముందండీ? నా ఉత్తరం మధ్యాహ్నంలోపు పోవాలి."

చివరికి ఆయన మేనల్లుడిని పిలిపించాడు. ఆయన అక్క కొడుకు. పెళ్ళయి ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు. రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతాడు. వచ్చినవాడు కాసేపు రెండు పేజీలు తెరిచి మూసి చూశాడు.

"పేజీ తెరుచుకున్నాక బాగానే నడుస్తోంది కదత్తయ్యా?"

"తెరుచుకున్నాక గుర్రమేరా. తెరుచుకునేదాకానే ప్రాణం తీస్తోంది."

"అయితే లైను మంచిదే. అడ్రసు వెతుక్కోవడం దగ్గర తేడా వస్తోంది." మేనల్లుడు కుర్చీ ఇటు తిప్పి కూర్చున్నాడు. "మనం పేజీకి ఒక పేరు కొడతాం కదా, ఆ పేరుతో కంప్యూటరుకి పని జరగదు. ప్రతి పేరుకీ వెనకాల ఒక నంబరు ఉంటుంది. ముందు ఎవరినో ఒకర్ని ఆ నంబరు అడగాలి. వాళ్ళు చెప్పాకే అక్కడికి వెళ్తుంది. ఇప్పటిదాకా మీ నెట్ కంపెనీ వాళ్ళని అడుగుతోంది. వాళ్ళు తీరిగ్గా చెప్తున్నారు."

ఎంక్వయిరీ అక్క మొహం వెలిగిపోయింది. "ఓరి నీ! ఎంక్వయిరీ అని చెప్పొచ్చు కదరా! ఆ సీట్లో బద్ధకస్తురాలు కూర్చుందన్నమాట."

"అంతే అత్తయ్యా. ఇప్పుడు ఇంకో చోట అడిగేట్టు పెడతాను."

"ఆ ఇంకో చోట ఎవరు కూర్చున్నారు?"

"పెద్ద సర్వీసు. చాలామంది వాడుతున్నారు. చకచకా చెప్తారు. పాడు సైట్లయితే ముందే ఆపేస్తారు కూడా."

"ఊరికే మనకెందుకు చెప్తారో!" అందామె. మేనల్లుడు నవ్వి, "మావయ్య గాలి తగిలింది మీకు" అన్నాడు. అంతలో ఆమెకు కొత్త ఉత్తరాలు వచ్చిపడ్డాయి. హెడ్‌ఫోను పెట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది. బయట మామా అల్లుళ్ళు బీరువా మీద మెరుస్తున్న నెట్ పెట్టెను కిందకి దించి, ఏవో అంకెలు తీసేసి ఏవో అంకెలు కొట్టారు. ఆ సర్వీసులో ఒక ఖాతా తెరవాలంటే, మేనల్లుడు మావయ్య ఫోనులోనే తెరిచి వెళ్ళాడు.

ఆ సాయంత్రం నుంచి చక్రం తిరగడం మానేసింది. పేరు కొట్టడం ఆలస్యం, పేజీ టక్కున వచ్చి నిలబడేది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మంచి సమయానికే వేగం వచ్చింది కూడా. అదే నెలలో టైపు కంపెనీ వాళ్ళు ఆమెను ఎముకల విభాగం నుంచి మార్చి క్యాన్సర్ విభాగానికి వేశారు. కొత్త డాక్టరమ్మ గాలివానలా మాట్లాడుతుంది. కొత్త మందులు, కొత్త ఆసుపత్రులు, అన్నీ వెతుక్కోవాల్సిందే. రోగుల సంగతులు గది దాటకూడదని కంపెనీ నియమం. ఎక్స్చేంజి రోజుల నుంచీ ఆమెకు ఆ నియమం ఒంటికి పట్టినదే. అందుకని విభాగం మారిన సంగతి భర్తకు చెప్పాలని కూడా ఆమెకు తట్టలేదు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు ఆమె మంచినీళ్ళ డబ్బా ఎత్తబోతుంటే ఆయన పరుగున వచ్చి లాక్కున్నాడు.

"నువ్వు ముట్టుకోకు. నేనున్నాను కదా!"

ఆమె ఆయన వంక విచిత్రంగా చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ డబ్బా ఎత్తింది ఆమే. మర్నాడు ఆయన సంచీ నిండా దానిమ్మ పళ్ళు తెచ్చాడు. కూర్చుని స్వయంగా గింజలు ఒలిచి, గిన్నెలో పోసి, ఆమె కీబోర్డు పక్కన పెట్టాడు. ఏ దారిన వచ్చావని అడగడం మానేశాడు. కూరలో ఉప్పు ఎక్కువైనా నోరెత్తకుండా తిన్నాడు. అన్నిటికంటే ఆ ఉప్పే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఉప్పెక్కువైన కూరను మౌనంగా తినే మనిషి కాడాయన.

ఏదో చేశాడు, అనుకుంది.

ఒకసారి అనుమానం పుట్టాక దానికి తిండి దొరకడం కష్టమా? ఆయన ఫోను బాల్కనీలోకి తీసుకెళ్ళి మాట్లాడుతున్నాడు. ఈమె అడుగుల చప్పుడు వినగానే, "సరే, ఉంటాను" అని పెట్టేస్తున్నాడు. మాటిమాటికీ ఫోనులో ఏదో చూసి, నిట్టూర్చి, జేబులో వేసుకుంటున్నాడు. ఆమె కాఫీ ఇస్తుంటే తలెత్తి, ఎక్కువసేపు ఆమె జుట్టు వంకే చూస్తున్నాడు.

"ఏంటండీ అలా చూస్తారు?"

"ఏం లేదే. నీ జుట్టు ఇంకా ఒత్తుగానే ఉంది."

ఇదేం మాట! హెడ్‌ఫోను గాడి పడిన నెత్తిని చూసి ఏ మొగుడైనా ఇలా అంటాడా? ఈ వయసులో ఎవతైనా దాపురించిందా, ఆ పాపభయంతో నన్ను మంచి చేసుకుంటున్నాడా అని ఆమె ఒక పూటంతా మథనపడింది. మళ్ళీ తనకే నవ్వొచ్చింది. బస్సులో టికెట్ లేని ముసలమ్మని కూడా వదలని ఈ మనిషిని ఎవరు భరిస్తారు?

అయినా కూపీ లాగకుండా ఉండలేకపోయింది. ఆయన స్నానానికి వెళ్ళిన సమయం చూసి, కొక్కేనికి తగిలించిన చొక్కా జేబు తడిమింది. ఒక చీటీ దొరికింది. ఊరి చివరి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో విచారణ కౌంటరు దగ్గర ఇచ్చే చీటీ. వెనకాల డాక్టరు వచ్చే వేళలు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి.

ఆమె చీటీని ఎలా ఉందో అలాగే మడిచి జేబులో పెట్టి, వంటగదిలోకి వెళ్ళి, గ్యాసు పొయ్యి వెలిగించకుండానే గిన్నె పెట్టి నిలబడింది.

అదీ సంగతి. జబ్బు ఈయనకి. నాకు చెప్పలేక ఈ పళ్ళూ, ఈ డబ్బాలూ! తను పోయాక నేనెలా బతుకుతానో అని ఇప్పట్నుంచే బెంగ. ఆలోచించేకొద్దీ అన్నీ అతికినట్టు సరిపోయాయి. ఈ మధ్య సన్నబడ్డాడు కూడా. నిద్ర లేదు. తిండి మీద ధ్యాస లేదు, ఉప్పు కూడా తెలియడం లేదు.

ఆ ఆదివారం ఆమెకు పని లేదు. ఆయన టాబ్లెట్‌తో వరండాలో కూర్చున్నాడు. ఆమె గది తలుపు దగ్గరగా వేసి కంప్యూటరు తెరిచింది. మగవాళ్ళకు ఆ వయసులో ఏ క్యాన్సర్లు వస్తాయో, నాలుకకు రుచి ఎందుకు పోతుందో, ఇంట్లో రోగి ఉంటే భార్య ఏం చేయాలో, ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయింది. పేజీలు టకటకా తెరుచుకున్నాయి. అంత వేగం ఆమెకు మొదటిసారి చేదనిపించింది. కొంచెం ఆలస్యంగా తెలిస్తే బాగుండే సంగతులు కూడా కళ్ళు మూసి తెరిచేలోపు ఎదురుగా వచ్చి నిలబడుతున్నాయి.

ఆ సాయంత్రం ఆయన వాలకం మరీ ఘోరంగా ఉంది. మెట్ల మీద కూర్చుని కిందకి చూస్తున్నాడు.

ఇక లాభం లేదని ఆమె మర్నాడు వదినకు ఫోను చేసింది. వదిన అంటే ఆయన అక్క, మేనల్లుడి తల్లి. లోపల ఒకటి, బయట ఒకటి ఉంచుకునే మనిషి కాదు. ఉప్పందాలంటే అక్కడే అందాలి.

"వదినా, ఆయన మీతో ఏమైనా చెప్పారా?"

అవతల వదిన ముక్కు చీదింది. "నీకు తెలిసిపోయిందా అమ్మాయ్? నేనేం చెప్పనే తల్లీ... వాడు చెప్పొద్దన్నాడు."

"అంటే నిజమేనా వదినా?"

"నిజమో అబద్ధమో డాక్టర్లు చెప్పాలి. నువ్వు మాత్రం ధైర్యంగా ఉండాలి. ఈ రోజుల్లో మంచి మందులొచ్చాయిట. మా పక్కింటావిడ తోడికోడలు గుండ్రాయిలా తిరుగుతోంది."

"నేను ధైర్యంగానే ఉంటాను వదినా. ఆయన్ని చూస్తేనే..."

"వాడిదేముందే, మొగాడు, ఏడుస్తాడు, ఊరుకుంటాడు. నీ సంగతి చూసుకో ముందు."

తమ్ముడి ప్రాణం మీదికి వస్తే వదిన అంత తేలిగ్గా మాట్లాడటం ఆమెకు విడ్డూరంగా తోచింది. నన్ను నిబ్బరంగా ఉంచడానికే అలా అంటోందని సర్దుకుంది. ఎంక్వయిరీ సీట్లో అన్నేళ్ళు కూర్చున్న చెవులు కూడా ఆరోజు తప్పు నంబరే విన్నాయి.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతులు నలుపుకుంటూ ఆమె ముందుకు వచ్చాడు.

"ఇదిగో, ఇవాళ పని పెట్టుకోకు. ఊరికే అలా వెళ్ళొద్దాం."

"ఎక్కడికండీ?"

"చెప్తాను కదా. మంచి చీర కట్టుకో."

ఆమె లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది. చెప్పుకోలేక ఇలా తీసుకెళ్తున్నాడు పాపం అనుకుంది. బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె గట్టిగా నొక్కింది. నేనున్నానన్నట్టు ఆయన తలూపాడు. నేనూ ఉన్నానన్నట్టు ఈమె తలూపింది. టికెట్లు కొట్టడానికి వచ్చిన కండక్టరు పాత ఇన్‌స్పెక్టర్ని గుర్తుపట్టి సర్దుకుని నిలబడ్డాడు గానీ, ఆయన తల తిప్పి కూడా చూడలేదు. వాళ్ళు దిగింది ఆమె అనుకున్న చోటే, పెద్ద ఆసుపత్రి ముందు.

రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర క్యూ పొడుగ్గా ఉంది. వాళ్ళ వంతు వచ్చింది. అద్దం అవతలి గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు.

"పేషెంటు ఎవరు?"

"ఈవిడ" అన్నాడాయన.

"ఈయన" అందామె.

ఇద్దరి చేతులూ ఒకేసారి లేచి ఒకరినొకరు చూపించాయి. గుమాస్తా అప్పుడు తలెత్తాడు. "ముందు ఇద్దరూ మాట్లాడుకుని రండి" అని వెనకాల ఉన్నవాళ్ళను పిలిచాడు.

పక్కకొచ్చి ఒక బల్ల మీద కూర్చున్నారు. మొదట తేరుకున్నది ఆమె.

"నాకేం జబ్బండీ?"

"దాచకే. నాకంతా తెలుసు." ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "ఎన్నాళ్ళని మోస్తావు ఒక్కదానివే?"

"నేను దాచడమేంటి? మీ జేబులో ఈ ఆసుపత్రి చీటీ నేను చూశాను. మీ నాలుకకి ఉప్పు కూడా తెలియట్లేదు."

"ఉప్పు తెలిసింది! కూర సముద్రంలా ఉంది. నిన్ను బాధపెట్టడం ఎందుకని మింగాను. ఆ చీటీ నీకోసం వచ్చినప్పటిది. నువ్వు రోజూ క్యాన్సర్ ఆసుపత్రులే చూస్తుంటే నేనేమనుకోవాలి? ఆ రోగుల సంఘం పేజీ ఎందుకు చూశావు? విగ్గులు చేసేవాడి పేజీ ఎందుకు చూశావు? జుట్టు ఊడిపోతుందనే కదా!"

ఆమెకు ముందు నవ్వొచ్చింది. "అయ్యో రాత! అది నా పనండీ. ఆ విభాగానికి మార్చారు నన్ను. డాక్టరమ్మ ఉత్తరంలో విగ్గుల షాపు పేరు చెప్పింది. స్పెల్లింగు కోసం చూశాను."

"మరి ఆదివారం? ఆదివారం నీకు పని లేదుగా. పొద్దంతా చూస్తూనే ఉన్నావు."

"అది మీకోసం! మీరు పోతారేమోనని!"

ఆయన మొహంలో నవ్వు మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న భార్య ఎదురుగా కూర్చుంటే ఎవరికి నవ్వు రాదు? ఆమె కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఒక్క నిమిషం" అంది. "విగ్గుల షాపు చూశానని మీకెలా తెలుసు?"

ఆయన నవ్వు కూడా ఆగింది.

"గది తలుపు వేసి ఉంది. హెడ్‌ఫోను నా చెవికి ఉంది. ఆదివారం పొద్దంతా చూశానని ఎవరు చెప్పారు మీకు?"

ఆమె చెయ్యి చాపి అలాగే ఉంచింది. చివరికి ఆయన జేబులోంచి ఫోను తీసి, ఆ సర్వీసు పేజీ తెరిచి, ఆ చేతిలో పెట్టాడు. ఇంట్లోంచి ఏ పేరుకు నంబరు అడిగినా అక్కడ పడుతోంది. ఏ రోజు, ఏ వేళ, ఏ పేరు. ఆమె అడిగినవన్నీ వరసగా ఉన్నాయి. అక్కడికి వెళ్ళి ఏం చదివిందో లేదు, ఎందుకు వెళ్ళిందో లేదు. ఏ తలుపు తట్టిందో మాత్రం ఉంది.

"నెట్ వేగం కోసమే పెట్టించానే. ఇది దాంతోపాటు వచ్చింది. ఊరికే ఒకసారి చూశాను. ఒకసారి చూశాక..."

ఆమె ఫోను తిరిగి ఆయన ఒళ్ళో పెట్టింది. గొంతు పెంచలేదు.

"మా ఎక్స్చేంజికి ఒకడు వచ్చేవాడు. ఇస్త్రీ బట్టలు, మర్యాదస్తుడు. 'మా ఆవిడ ఎవరెవరి నంబర్లు అడుగుతోందో చెప్పండమ్మా, ఆవిడ మంచికే' అనేవాడు. కౌంటరు దగ్గర ఏడ్చాడు కూడా. నేను చెప్పలేదు. మా సూపర్‌వైజరుతో సిఫారసు చేయించాడు. అప్పుడూ చెప్పలేదు. అలాంటివాళ్ళు ఒక్కడు కాదండీ, ఎంతమంది వచ్చారో! ఒక్కడికీ చెప్పలేదు. నంబరు అడిగిందని తెలుస్తుంది గానీ ఎందుకడిగిందో మాకు మాత్రం ఏం తెలుసు? ఆ సగం సంగతి పట్టుకెళ్ళి వాళ్ళు ఇంటి దగ్గర ఏం చేస్తారో అని భయం." ఆమె లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "వాడు నా ఇంట్లోనే ఉన్నాడని నాకు తెలీదు."

"నువ్వు నా జేబు వెతకలేదా?" అన్నాడాయన, దెబ్బతిన్నవాడిలా.

ఆ మాట నిజం కావడంతో ఆమెకు కోపం ఇంకా పెరిగింది. ఆయన్ని అక్కడే వదిలి, ఒంటరిగా బస్సెక్కి వచ్చేసింది.

ఇంటికి పోలేదు. నేరుగా మేనల్లుడి షాపుకు వెళ్ళింది. అతను ఒక కంప్యూటరు పొట్ట విప్పి కూర్చున్నాడు. అత్తయ్య మొహం చూడగానే స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"మేం చూసినవన్నీ రాసిపెట్టే ఆ రాత పెట్టమని ఎవరు అడిగార్రా?"

"ఎవరూ అడగలేదత్తయ్యా. అది దానంతటదే ఆన్‌లో వస్తుంది. మావయ్యకి చూపించాను, అక్కర్లేకపోతే ఆపేస్తానని కూడా అన్నాను." అతను తల గోక్కున్నాడు. "ఉండనీ, చూద్దాం అన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఉత్తరాల్లో ఉన్నారు. ఆ తర్వాత... తప్పయిపోయిందత్తయ్యా. మీ ఇద్దరికీ తెలిసిందే అనుకున్నాను."

"అది ఆపేస్తే నెట్ మళ్ళీ మొద్దుబారుతుందా?"

"అబ్బే! వేగం వేగమే. రాయడం మానేస్తుంది, అంతే. ఇప్పటిదాకా రాసినవి కూడా తుడిచేయొచ్చు. కాకపోతే ఒక మాట. మనకి కనపడకపోయినా, నంబరు చెప్పేవాళ్ళకి మనం ఎవరి నంబరు అడుగుతున్నామో తెలుస్తూనే ఉంటుంది. పాత కంపెనీ వాళ్ళకీ తెలిసేది."

"అది నాకు తెలీదా? నేనూ ఆ సీట్లో కూర్చున్నదాన్నే" అందామె. "వాళ్ళ సంగతి తర్వాత. ముందు ఇంట్లోవాళ్ళ సంగతి నేర్పు. నువ్వు చెయ్యకు. నా చేత చేయించు."

సాయంత్రం మేనల్లుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, ఖాతాలోకి వెళ్ళి, పాత వరసంతా తుడిచేసి, రాత ఆపేసి, పాస్‌వర్డనే ఆ తాళం మాట మార్చింది. కొత్త మాట మేనల్లుడికి కూడా చెప్పలేదు. అప్పటికే ఇల్లు చేరిన ఆయన వరండాలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. లోపలికి రాలేదు.

ఆ తర్వాత చాలారోజులు ఆ ఇంట్లో మాటలు పొదుపుగా నడిచాయి. అన్నం పెట్టాను, గ్యాసు అయిపోయింది, ఎవరో వచ్చారు, అంతవరకే. వదిన వచ్చి ఇద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టుకుని చీవాట్లు పెట్టింది. తమ్ముడికే ఎక్కువ పెట్టింది. "పెళ్ళాం బతికున్నందుకు సంతోషించక ఆ మొహమేంట్రా!" అంది. ఆయనకు సంతోషం లేక కాదు. ఆ సంతోషాన్ని చూపించుకునే అర్హత తనకు లేకుండా పోయిందని కుమిలిపోతున్నాడు.

ఒకరోజు ఆయనే కదిపాడు. ఆమె టైపు చేస్తుంటే తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నాకొక సంగతి చెప్పు. అనుమానం వస్తే ఏం చేయమంటావు? నా బుద్ధి అలాంటిది. ఒక్కసారిగా ఎలా మారుతుంది?"

ఆమె హెడ్‌ఫోను ఒక చెవి మీంచి పక్కకు జరిపింది.

"నోరుంది కదా. అడగండి."

"అడిగితే చెప్తావా?"

"చెప్పగలిగితే చెప్తాను. చెప్పకూడనిదైతే చెప్పకూడనిదని చెప్తాను. అక్కడితో ఊరుకోవాలి."

"నువ్వో?"

"నేనూ అంతే. మీ జేబుల జోలికి రాను" అంది. ఆ మాట అనడం ఆమెకు కాస్త కష్టంగానే ఉంది.

అడగడం మాత్రం ఆయన మొదలుపెట్టాడు. మొదట్లో మరీ ఎక్కువగా అడిగేవాడు, బస్సులో వరసగా టికెట్లు అడిగినట్టు. ఆమె కొన్నిటికి చెప్పేది, కొన్నిటికి "అది పని సంగతి" అనేది. ఆయన పళ్ళు కొరుక్కుని ఊరుకునేవాడు. ఊరుకున్నాడా, లేక ఇంకో దారి వెతుకుతున్నాడా అని ఆమెకు అప్పుడప్పుడూ పీకుతూనే ఉండేది. ఎప్పుడైనా ఒక్కత్తే ఉన్నప్పుడు ఆ ఖాతా తెరిచి, రాత ఆగే ఉందో లేదో చూసుకునేది. ఆగే ఉండేది. చూసుకున్నందుకు తన మీద తనకే చిరాకేసేది. మళ్ళీ కొన్నాళ్ళకు చూసుకునేది.

అంతమంది రోగుల ఉత్తరాలు కొట్టీ కొట్టీ, ఆమెకు తన ఒంటి మీద కూడా ఒక చిన్న బెరుకు పట్టుకుంది. ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా వెళ్ళి పరీక్షలు చేయించుకుంది. భయపడాల్సింది ఏమీ లేదన్నారు. రక్తంలో చక్కెర మాత్రం కొంచెం ఎక్కువుందట, తీపి తగ్గించమన్నారు. ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూ ఆయనకు చెప్పింది.

ఆయన మొహం మాడిపోయింది. "నాకు ముందే చెప్తే నేనూ వచ్చేవాడిని కదా."

"వస్తే మళ్ళీ ఆ కౌంటరు దగ్గర ఎవరు పేషెంటని తగువు" అందామె.

ఆయన నవ్వలేదు. నిజంగానే నొచ్చుకున్నాడు. ఆమె వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. డాక్టరు ఏమన్నాడో, ఎక్కడ నొక్కి చూశాడో, రక్తం తీసిన అమ్మాయి సూది ఎంత సుతారంగా వేసిందో, మొదటి నుంచి చివరిదాకా అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా విన్నాడు. అంతా అయ్యాక లేచి, రిపోర్టు చూడొచ్చా అని అడిగాడు.

ఆమె సంచీలోంచి తీసి ఇచ్చింది.